ఉమామహేశ్వరమా, ఫర్హాబాదా?

శ్రీశైలం రోడ్డులో నల్లమల చూడాలంటే అందరూ ఫర్హాబాద్ వ్యూ పాయింట్ పేరే చెప్తారు, నన్నడిగితే ఒక్క రోజే టైముంటే అచ్చంపేట దగ్గర గుట్ట మీదున్న ఉమామహేశ్వరం శివుడి గుడికే వెళ్లండి.

పాలమూరు పొడుగునా కనిపించే గుండ్లన్నీ గ్రానైటే, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. గుడికి వెళ్లే దారిలో రంగాపూర్ వైపు మళ్లగానే ఆ గుండ్లు ఆగిపోయి, ఎదురుగా గోడ కట్టినట్టు పొరలు పొరలుగా, నెత్తిన చదునుగా ఒక గుట్ట వరుస లేస్తుంది. నల్లమల అంచు అదే. వంద కోట్ల ఏళ్లకు పైగా వెనక, ఆ పాత గ్రానైటు మీద నీళ్లు నిలిచి, ఇసుక పేరుకుని, గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. మెట్ల పక్కన ఒక బండ మీద చెయ్యి పెట్టి చూశాను, వాగు ఒడ్డున తడి ఇసుక మీద అలలు వదిలిన చారలే, వేళ్లకు స్పష్టంగా తగిలాయి! ఇంకో బండలో గులకరాళ్లు అలాగే ఇరుక్కుపోయి ఉన్నాయి.

గుడి దగ్గర పాపనాశనం అనే చోట బండ సందుల్లోంచి ఎండాకాలంలో కూడా నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటాయి. పైన పడ్డ వాన పగుళ్లలోంచి మెల్లగా దిగి, కిందికి పోలేని పొర తగిలిన చోట పక్కకి తిరిగి బయటికొస్తుంది. కింద ఊళ్లో వడగాలి కొడుతున్నా గుడి మీదికి వంగిన ఆ బండ నీడలో హాయిగా ఉంటుంది.

గుడి దాకా బండి వెళ్తుంది. సోమవారాలు, శివరాత్రి రోజుల్లో మాత్రం పార్కింగ్ కష్టం. కోతులున్నాయి, కవర్లు చేత్తో పట్టుకోవద్దు.

ఫర్హాబాద్ బాగాలేదని కాదు, కనుచూపు మేర అడవే. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వులో అదొక భాగం. కాకపోతే అటవీ శాఖ సఫారీ బండిలోనే పోవాలి, వానాకాలంలో అదీ ఆపేస్తారు, ఎండాకాలం చెట్లన్నీ ఆకు రాల్చి ఉంటాయి. చలికాలమే సరైన సమయం, చెంచు గైడు దొరికితే ఆయన చెప్పేది వినండి, అడవి గురించి అంత తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.

బసకి మన్ననూరులో అటవీ శాఖ కాటేజీలే మేలు, ముందే బుక్ చేసుకోవాలి. అచ్చంపేటలో మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా నీళ్లు రాలేదు, అడిగితే పట్టించుకున్నవాళ్లు లేరు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి రోడ్డు మూసేస్తారు, శ్రీశైలం వెళ్లేవాళ్లు రాత్రి 9 లోపే మన్ననూరు చెక్‌పోస్టు దాటండి.