బాథెల్ కాకుల్ని తెల్లవారుజామున చూడండి

సియాటిల్ వచ్చేవాళ్ల లిస్టులో స్పేస్ నీడిల్, పైక్ ప్లేస్ మార్కెట్, స్నోక్వాల్మీ జలపాతం ఎలాగూ ఉంటాయి. చలికాలంలో వచ్చేవాళ్లు బాథెల్ కూడా చేర్చుకోండి. సియాటిల్‌కి ఈశాన్యాన, ఐ-405 హైవే పక్కన ఉన్న ఊరది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బాథెల్, కాస్కేడియా కాలేజీ రెండూ అక్కడ ఒకే క్యాంపస్‌లో ఉంటాయి. ఆ క్యాంపస్ దిగువన ఉన్న చిత్తడి నేలే కాకుల రాత్రి మకాం. ఆకులు రాలే కాలం నుంచి చలికాలమంతా వస్తాయి. బాగా ఎక్కువగా చేరినప్పుడు లెక్క 16,000 దాకా వెళ్తుంది.

"కాకుల్ని చూడ్డానికి హోటల్ బుక్ చేశావా?" అని మా ఇంట్లో నవ్వారు. నిజమే, కాకి మనకి వింత కాదు. కానీ ఒక ఊళ్లోని కాకులన్నీ కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నిటి కాకులూ ఒకేచోట పడుకుని లేవడం వేరే సంగతి.

కాకులు దూరని కారడవి గురించి కథల్లో విన్నాం. ఇక్కడి అడవిని మాత్రం కాకుల కోసమే పెంచినట్టుంటుంది. ఒకప్పుడు ఇది పశువుల్ని మేపిన పొలం. నార్త్ క్రీక్ అనే వాగుని కాలువలా తిన్నగా తవ్వేసి ఉంచారు. క్యాంపస్ కట్టేటప్పుడు 58 ఎకరాల్లో వాగుని మళ్లీ వంపులు తిప్పి, విల్లో, ఆల్డర్ లాంటి చెట్లు నాటారు. చెట్లు కాస్త ఎదిగాక, 2009 ప్రాంతంలో కాకులు రాత్రికి ఇక్కడ చేరడం మొదలైంది. డగ్లస్ వాకర్ అనే ప్రొఫెసర్ విద్యార్థులతో కలిసి వీటిని అధ్యయనం చేస్తున్నారు. ఇన్ని కాకులు ఒకచోట ఎందుకు చేరతాయన్నదానికి చెప్పే కారణాల్లో ముఖ్యమైనది గుడ్లగూబల భయం. పక్కన వేల జతల కళ్లుంటే ఒక్కో కాకికి ముప్పు తగ్గుతుంది. తిండి దొరికే చోటు తెలిసిన కాకి వెంట తెలియనివి పొద్దున్నే బయల్దేరతాయని ఇంకో వాదన ఉంది. అది ఎంతవరకు నిజమో గానీ, తెల్లవారుజామున అక్కడ నిలబడి చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

ఎవర్ని అడిగినా సాయంత్రమే వెళ్లమంటారు. సాయంత్రం బాగుంటుంది, కాదనను. నలువైపుల నుంచీ బారులు బారులుగా వచ్చి బిల్డింగుల పైకప్పుల మీద, ఆటస్థలాల మీద వాలి, చీకటి పడుతుండగా ఒక్కసారిగా చెట్లలోకి మారతాయి. జనం కూడా ఉంటారు, పిల్లలు కేకలు పెడతారు, గోల గోలగా ఉంటుంది. అసలు చిక్కు వెలుతురుతోనే. కాకులు చెట్లలోకి దిగే ఆఖరి ఘట్టం వచ్చేసరికి ఏమీ కనపడదు.

పొద్దున్న దీనికి పూర్తిగా తిరగబడుతుంది. క్యాంపస్ కొండవాలు మీద పడమటి వైపు ఉంది, చిత్తడి నేల తూర్పున పల్లంలో ఉంది. అంటే పార్కింగ్ గ్యారేజ్ పై అంతస్తులో నిలబడితే తెల్లవారే ఆకాశం సరిగ్గా చెట్ల వెనక ఉంటుంది. సూర్యోదయానికి దాదాపు గంట ముందు చేరుకుంటే మొదట వినపడేది హైవే మీద కార్ల హోరు. దాని కింద నుంచి గొంతు సవరించుకుంటున్నట్టు చిన్న చిన్న శబ్దాలు మొదలవుతాయి. మనం ఎరిగిన కావు కావు ఒక్కటే కాదు, గరగరలు, టకటకలు కూడా. ఆకాశం బూడిదరంగుకి తిరిగేసరికి, అప్పటిదాకా ఆకులనుకున్నవి ఆకులు కావని తెలుస్తుంది. చలికాలంలో విల్లోకి ఆకులెక్కడివి!

మంద మొత్తం ఒక్కసారే లేస్తుందని ఎదురుచూడకండి. ముందు ఒక గుంపు లేచి చెట్ల చివర్ల మీద సర్దుకుంటుంది. తర్వాత ఒక పాయ దక్షిణానికి, ఇంకోటి మన నెత్తి మీదుగా పడమటికి, ఇలా విడివిడిగా తెగిపోతూ పోతాయి. కొన్ని క్యాంపస్ పచ్చిక మీద దిగి కాసేపు తచ్చాడి మరీ వెళ్తాయి, ఆఫీసుకి ముందు టీ కొట్టు దగ్గర ఆగినవాళ్లలా. సొంత ఇలాకా ఉన్న జంటలు పగలు అక్కడికే తిరిగి వెళ్తాయట. అందుకే కాబోలు కొన్నిటి ఎగురుడులో తడబాటే ఉండదు. నాకు బాగా నచ్చింది ఈ భాగమే. రాకలో అన్నీ ఒకటే గుంపు, పోకలో మాత్రం దేని దారి దానిది. సూర్యుడు పైకొచ్చే సమయానికి చెట్లు దాదాపు ఖాళీ.

డిసెంబర్ చివర్లో ఇక్కడ సూర్యోదయం 7:55 ప్రాంతంలో అవుతుంది. కాబట్టి ఏడింటికి అక్కడుంటే చాలు, మూడింటికి అలారం పెట్టుకునే బాధ లేదు. నవంబర్‌లో చలికాలం కోసం ఇక్కడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పిన మొదటి రోజుల్లో మాత్రం ఆరు లోపే చేరాలి. వాన తుంపర మామూలే. గొడుగు వానకే కాదు, రెట్టలకీ పనికొస్తుంది. దిగువన చిత్తడి నేల మీద చెక్కబాట ఉంది, దాని మీదకి కాకులు వెళ్లిపోయాక వెళ్లండి. టార్చ్, ఫ్లాష్ చెట్ల మీద వేయకండి. ఇదే యూనివర్సిటీ సియాటిల్ క్యాంపస్‌లో 2006లో జాన్ మార్జ్‌లఫ్ అనే ప్రొఫెసర్ బృందం మాస్కులు పెట్టుకుని కాకుల్ని పట్టి వదిలితే, ఆ మాస్కు ముఖాన్ని అవి ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుని తిట్టాయి. మన మొహం ఆ జాబితాకి ఎక్కకపోవడం మంచిది.

బస విషయానికొస్తే, పొద్దున్న చూడాలంటే బాథెల్‌లోనే ఉండాలి. సియాటిల్ డౌన్‌టౌన్ నుంచి లైట్ రైల్, బస్సు మారి రావచ్చు, సాయంత్రానికి అది సరిపోతుంది. చీకటితో, ఆలస్యమవుతుందేమోనన్న టెన్షన్‌తో రావడం దండగ. ఊళ్లో ఆండర్సన్ స్కూల్ అని 1931 నాటి పాత బడిని 2015లో హోటల్‌గా మార్చారు. తరగతి గదులే పడకగదులు, లోపల ఈతకొలను కూడా ఉంది. అక్కడి నుంచి క్యాంపస్‌కి నడిచి వెళ్లొచ్చు. డబ్బు ఎక్కువే అవుతుంది గానీ, వణుకుతూ తిరిగొచ్చాక ఆ వేడినీళ్ల కొలను చూస్తే ఖర్చు గుర్తురాదు. హైవే పక్కన ఓ చెయిన్ హోటల్లో ఉన్న రాత్రి హీటర్ మోతకి నిద్రే పట్టలేదు. కారులో వెళ్తే క్యాంపస్‌లో పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, బోర్డు చదివి కట్టండి.

కెనడాలో వాంకూవర్ పక్కన బర్నబీలో స్టిల్ క్రీక్ దగ్గర కూడా కాకులు వేల సంఖ్యలో చేరతాయి. అక్కడ గోదాములు, పెద్ద షాపుల పార్కింగుల మధ్య చూడాలి. సాయంత్రం ఈస్ట్ వాంకూవర్ మీదుగా పోయే కాకుల బారు గొప్పగా ఉంటుంది, పొద్దున్న మాత్రం బాథెల్‌లో అంత విశాలంగా ఆకాశం కనపడదు. పైగా మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి కెనడా వీసా కావాలి. వేరే పని మీద వాంకూవర్ వెళ్తే సాయంత్రం ఓ గంట కేటాయించండి, కాకుల కోసమే వెళ్లక్కర్లేదు.