సూర్యారావుపేటలో స్పోర్ట్స్ మసాజ్: మ్యాచ్ ముందు ఐదొందలు పెట్టొచ్చా?

విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రుల సందులు తెలిసినవాళ్ళకి ఇది దొరకడం కష్టం కాదు. కింద మందుల షాపు, పైన రెండు గదుల ఫిజియోథెరపీ సెంటరు. బోర్డు మీద నడుం నొప్పి, మోకాళ్ళ అరుగుదల అని ఉంటుంది తప్ప ఆటల ఊసే ఉండదు. అందుకే ఆటగాళ్ళెవరూ తమంతట తాము ఆ మెట్లెక్కరు, ఒకరు చెప్తే ఇంకొకరు వస్తారు. నేను ఆర్టీసీలో పనిచేస్తూ మా ఊరి కబడ్డీ జట్టులో లెఫ్ట్ కార్నర్ ఆడతాను, అంటే ఎడమ చివర నిలబడి కూతకొచ్చినవాణ్ణి పట్టేవాణ్ణి. సంక్రాంతి పందేల సీజన్లో మావాళ్ళని వెంటేసుకుని వెళ్ళేది ఇక్కడికే. కాబట్టి ఇది కబడ్డీ వాడి రివ్యూ. క్రికెట్ వాళ్ళకి, పరుగు వాళ్ళకి కొన్ని సంగతులు పట్టకపోవచ్చు.

మ్యాచ్ ముందు చేసేది ఇరవై నిమిషాలు, 500 రూపాయలు. మ్యాచ్ అయ్యాక చేసేది ముప్పావుగంట, 900. రేటు వినగానే కూతకెళ్ళే మా రైడర్ కుర్రాడు, "అన్నా, సెలూన్లో రెండొందలిస్తే తలకాయ నుంచి అరికాళ్ళ దాకా పిసుకుతాడు కదా" అన్నాడు. పిసికించుకోవడమే కావాలంటే సెలూన్‌కే వెళ్ళొచ్చు, నేనేం వద్దనను.

ఇక్కడ మసాజ్ చేసే కుర్రాడు బల్ల మీద పడుకోమనే ముందు అడిగే మొదటి ప్రశ్న "మ్యాచ్ ఎప్పుడన్నా?" అని. ఇంకా మూడు రోజులుందంటే బొటనవేళ్ళతో పిక్కల్లోకి దిగిపోతాడు, కేకలు పెట్టాల్సిందే. రేపే అన్నా, ఇవాళ సాయంత్రమే అన్నా ఆ పని చచ్చినా చెయ్యడు. గట్టిగా నొక్కిన కండ ఒకటి రెండు రోజులు పచ్చిగా ఉంటుంది, కాళ్ళు బరువెక్కుతాయి. ఇదే ఊళ్ళో ఇంకోచోట మా లెఫ్ట్ కవర్‌కి మ్యాచ్ రోజు పొద్దున్నే మోచేత్తో తొడలు కుమ్మి పంపించారు. సాయంత్రం వాడు డాష్‌కి, అంటే కూతకొచ్చినవాణ్ణి గుద్ది గీత బయటికి నెట్టడానికి, లేవలేకపోయాడు.

మ్యాచ్ రోజున చేసే పద్ధతే వేరు. అరచేతులతో చకచకా రుద్దడం, కండని గుప్పిట పట్టి నొక్కి వదలడం, కాలు మొత్తం పట్టుకుని ఊపడం, అంతే. పిక్కలు, తొడ వెనక భాగం, గజ్జల దగ్గర, ఆఖర్న భుజాలు. నిద్రొచ్చేలా నెమ్మదిగా ఎక్కడా చెయ్యడు. "హాయిగా నిద్రపుచ్చితే నువ్వు కోర్టులో ఎవర్ని పడతావన్నా?" అంటాడు. తర్వాత లేపి నిలబెట్టి చీలమండలు తిప్పిస్తాడు, కాలు ముందుకీ వెనక్కీ ఊపిస్తాడు. కాలు చాచి నిమిషం పైన అలాగే పట్టి ఉంచే స్ట్రెచ్‌లు ఆట ముందు చేయనివ్వడు. వాటివల్ల దూకే బలం కొంత తగ్గుతుంది.

నాకు బాగా నచ్చింది నూనె విషయం. కబడ్డీ నిబంధనల్లో ఒంటికి నూనెగానీ జారే పదార్థంగానీ రాసుకుని దిగకూడదని ఉంది. రాసుకుంటే పట్టు దొరకదు మరి. చాలామంది మసాజ్ వాళ్ళకి ఈ సంగతే తెలీదు, కొబ్బరినూనె పోసి వదులుతారు. ఈ కుర్రాడు మాకు పౌడరుతోనే చేస్తాడు. అయిపోగానే తడి టవలుతో ఒకసారి, పొడి టవలుతో ఇంకోసారి తుడుస్తాడు. ఆ తర్వాత తన అరచెయ్యి నా తొడమీద ఆనించి లాగి చూస్తాడు. చెయ్యి జారిందా, మళ్ళీ తుడుస్తాడు. మంట పుట్టే స్ప్రేలు కూడా వద్దంటాడు. చెమటతో కలిసి అవి కంట్లో పడితే ఎలా ఉంటుందో పడినవాడికే తెలుసు.

ఇంతకీ దీనివల్ల బాగా ఆడతామా? నా లెక్కలో ఒళ్ళు తేలికపడుతుంది, గుండె దడ తగ్గుతుంది. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ పరిశోధకులు 29 అధ్యయనాలు కలిపి చూసి 2020లో అచ్చేశారు. మసాజ్ వల్ల బలం, వేగం, దమ్ము పెరిగినట్టు కనపడలేదన్నారు. ఒళ్ళు కాస్త వంగడం, మర్నాటి నొప్పులు కాస్త తగ్గడం మాత్రం ఉందన్నారు. మ్యాచ్ తర్వాత "లాక్టిక్ యాసిడ్ తీసేస్తాం" అని చెప్పి డబ్బులు లాగేవాళ్ళున్నారు. అది గంట, గంటన్నరలో దానంతటదే పోతుంది. ఈ కుర్రాడు ఆ మాట ఎప్పుడూ అనలేదు. వార్మప్ మానేసి మసాజ్ చేయించుకుంటే చాలనుకునేవాళ్ళని తిట్టి పంపిస్తాడు కూడా.

దెబ్బల దగ్గర ఇతని విలువ ఇంకా తెలుస్తుంది. మా రైడర్‌కి సెమీఫైనల్లో ఎదుటివాడి మోకాలు సూటిగా తొడ ముందు భాగంలో గుద్దుకుంది. మర్నాటికి కండ రాయిలా గట్టిపడి కమిలిపోయింది. "గట్టిగా నొక్కి కరిగించెయ్యన్నా" అని కుర్రాడి మీద ఒకటే గోల. అతను చెయ్యి కూడా వెయ్యలేదు. ఐసు పెట్టించి, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకూ మోకాలు మడిపించి, క్రేప్ బ్యాండేజీ చుట్టాడు. డబ్బులు తీసుకోలేదు. లోపల రక్తం గడ్డకట్టిన కండని రుద్ది రుద్ది వదిలితే కొన్నాళ్ళకి అందులో ఎముక పేరుకునే ప్రమాదం ఉందట. తర్వాత నేను అడిగిన ఎముకల డాక్టరు కూడా అదే చెప్పాడు. మా ఊళ్ళో ఇలాంటి తొడలకి కర్పూరం కలిపిన నూనెతో మర్దన చేసే పెద్దాయన ఉన్నాడు. మంచి మనిషే, కానీ దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు ఆయన దగ్గరికి ఎవర్నీ పంపట్లేదు. రుద్దడం వద్దు, కాపడం వద్దు, మందు కొట్టడం అసలే వద్దు.

చీలమండ బెణుకు మనకి మామూలే. పాదం లోపలికి మడతపడి బయటి వైపు వాస్తుంది. ఇక్కడ రెండు చూస్తారు. నాలుగడుగులు వెయ్యగలుగుతున్నాడా? చీలమండ ఎముకల వెనక అంచున నొక్కితే ప్రాణం పోయేంత నొప్పుందా? అడుగు పడకపోయినా, ఎముక మీద నొప్పున్నా ముందు ఎక్స్‌రే, ఆ తర్వాతే మిగతాది. 1992లో కెనడాలో ఒటావా డాక్టర్లు పెట్టిన పద్ధతి ఇది. టోర్నమెంట్ కమిటీల్లో ఒక్కరికైనా ఇది తెలిసుండాలి. విరిగిందని తేలితే మావాళ్ళలో సగం మంది పుత్తూరు కట్టు అంటారు, ఆ వాదన ఇక్కడ పెట్టుకోను. మోకాల్లో టప్‌మని చప్పుడొచ్చి, గంటల్లోనే వాచి, కాలు జారిపోతున్నట్టుంటే మాత్రం మసాజ్ మాటే ఎత్తకుండా డాక్టరుకి చూపించమంటాడు. అలాగే ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే కూడా ముట్టుకోడు, రక్తనాళంలో గడ్డ ఉందేమోనని.

ఇక విసుగు పుట్టించేవి. కాలు దెబ్బతిన్నవాళ్ళు రావాల్సిన చోటికి ఇరుకు మెట్లు, లిఫ్టు లేదు. మా రైడర్‌ని ఇద్దరం భుజాలమీద మోసుకెళ్ళాం. కౌంటర్లో కూర్చునే ఆయన ప్రతిసారీ పది సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టాలని చూస్తాడు. మ్యాచ్ ముందు మసాజ్‌కి పది సిట్టింగులేంటో నాకర్థం కాదు, తల ఊపకండి. ఆడపిల్లల జట్లకి చేసే అమ్మాయి సాయంత్రాలే ఉంటుంది, ముందే అడిగి వెళ్ళండి. బండి పెట్టుకోవడానికి చోటు దొరకడం మీ అదృష్టం.

జనవరిలో అయితే వారం ముందే ఫోన్ చేసి టైము తీసుకోవాలి. నిక్కరు మీరే తెచ్చుకోండి, వాళ్ళిచ్చేది కబడ్డీ తొడలకి ఎక్కదు. ఊళ్ళో పందేలకి మనిషిని పంపుతారా అని అడిగితే రోజుకి మూడు వేలు, రానూపోనూ ఛార్జీలు అన్నారు. ఒక్క జట్టుకి అది భారమే. టోర్నమెంట్ కమిటీయే ఆ ఖర్చు పెట్టుకుంటే, అన్ని జట్లకీ కలిపి, మైకు సెట్టుకి తగలేసే దాంట్లో సగం కూడా కాదు.