నెల్లూరు ఉక్కపోతలో కమడోర్ 1541: ఆరేళ్ల వాడకం తర్వాత

1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమడోర్ 64 పక్కన పెట్టుకునే 1541 పేరుకి ఫ్లాపీ డ్రైవే గానీ, కడుపులో సొంత 6502 ప్రాసెసర్, 2 కేబీ ర్యామ్, 16 కేబీ రోమ్, అవి చాలనట్టు ఒక ట్రాన్స్‌ఫార్మర్. చెడిపోవడానికి అన్ని చోట్లున్నాయన్నమాట. మన నెల్లూరులో మాత్రం ముందు ఉప్పుగాలి, బూజు, వేడి చూసుకోవాలి. అలైన్‌మెంట్ పోవడం, అంటే డిస్కుని చదివే హెడ్డు ఉండాల్సిన చోటు నుంచి జరగడం, వీటి తర్వాతే. జనం ముందే స్క్రూడ్రైవర్ పట్టుకుని అలైన్‌మెంట్ మీద పడతారు, అదే చేటు.

అమెరికా నుంచి వచ్చిన డ్రైవ్ 110 వోల్టులది. మంచి 100 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. మోటారు డీసీది కాబట్టి మన 50 హెర్ట్జ్ కరెంటుకి వేగం మారదు. చేతిలో పట్టే చవక ట్రావెల్ కన్వర్టర్ల జోలికి పోవద్దు.

స్విచ్ వేయగానే ఎర్ర లైటు వెలిగి, మోటారు కాసేపు తిరిగి, రెండూ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే హెడ్డుని అనుమానించకండి, తేడా బోర్డులో ఉంది. మల్టీమీటర్‌తో 7805 (5 వోల్టుల రెగ్యులేటర్) అవుట్‌పుట్ చూడండి: 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. 7812 (12 వోల్టుల రెగ్యులేటర్) దగ్గర 12 వోల్టులు. అవి బాగుంటే ప్లగ్గు పీకేసి, సాకెట్లలో ఉన్న చిప్పుల్ని బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కండి. కాళ్లకి పట్టిన చిలుము వల్ల కనెక్షన్ తెగినవి చాలాసార్లు ఇంతటితోనే లేచి కూర్చుంటాయి.

డిస్కు చదవకపోతే ఎర్రర్ నంబరు చూడాలి. 21 అంటే సింక్ గుర్తు, అంటే డేటా ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు, దొరకలేదని. డిస్కు ఫార్మాట్ కాకపోయినా, హెడ్డు మురికిపట్టినా ఇదే వస్తుంది. 23 అంటే డేటా చదివింది గానీ చెక్‌సమ్ (డేటా సరిగ్గా ఉందో లేదో చూసే లెక్క) కుదరలేదని. రెండింటికీ మొదటి మందు ఒకటే: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్ల. సర్జికల్ స్పిరిట్ వద్దు, ఆరాక జిడ్డు మిగలొచ్చు. హెడ్డు మీదున్న ఫెల్ట్ ప్యాడ్ చేతిని కొంచెమే ఎత్తండి. ఎక్కువ ఎత్తితే స్ప్రింగ్ సాగి, ప్యాడ్ ఒత్తిడి తగ్గి, లేని జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది.

కార్తీకం వానలు పోయాక డిస్కుల తొడుగుకి హెడ్డు కోసం ఉన్న కంతని వెలుతురుకి పెట్టి చూడండి. నల్లటి పళ్లెం మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. అలాంటిది తెలియక పెడితే మురికి హెడ్డుకి అంటి, తర్వాత పెట్టే డిస్కుల మీద గీతలు పడతాయి, ఇక అవీ గోవిందా. కీచుమని మోత వస్తే అదే క్షణం డిస్కు బయటికి లాగండి. సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవడమే మార్గం.

ఇక అలైన్‌మెంట్. ఈ డ్రైవుకి జీరో ట్రాక్ సెన్సర్, అంటే హెడ్డు చివరికి చేరిందని చెప్పే భాగం, లేదు. ఫార్మాట్ చేసేటప్పుడు, ఎర్రర్ వచ్చినప్పుడు హెడ్డుని అడ్డు దాకా తోసి కొడుతుంది, టటటటమని ఆ శబ్దం అదే. ఆ దెబ్బలకి హెడ్డుని జరిపే స్టెప్పర్ మోటారు కడ్డీ మీద బిగించిన పుల్లీ జరుగుతుంది. గుర్తుపట్టేదెలాగంటే, తను ఫార్మాట్ చేసిన డిస్కులు చదువుతుంది, కంపెనీ ఒరిజినల్ డిస్కులు చదవదు. అప్పుడు మాత్రమే స్టెప్పర్ స్క్రూలు రెండూ వదులు చేసి, వెంట్రుకవాసి తిప్పుతూ ఒరిజినల్ డిస్కుతో సరిచూడాలి. అరగంట వేడెక్కాకే ఈ పని చేయండి, చల్లగా ఉన్నప్పుడు కుదిరింది వేడికి తప్పుతుంది.

వేగం 300 ఆర్పీఎం. కింది చక్రం మీద రెండు గీతల వలయాలుంటాయి, మనం చూడాల్సింది 50 హెర్ట్జ్‌ది. పాత చోక్ ట్యూబ్‌లైటు కింద గీతలు కదలకుండా నిలబడితే వేగం సరే. ఎల్‌ఈడీ బల్బు కింద చూస్తే ఏమీ తేలకపోవచ్చు. గీతలు పాకుతుంటే ముందు బెల్టు మార్చి, ఆ తర్వాతే ప్రీసెట్ (వేగం సరిచేసే చిన్న స్క్రూ) తిప్పాలి.

రోహిణి కార్తెలో పైమూత తీసి, చిన్న 12 వోల్టుల ఫ్యాను పెట్టి నడపడం మేలు. మూత లేనప్పుడు లోపల మెయిన్స్ కరెంటు బయటపడి ఉంటుంది, పిల్లలు తిరిగే ఇంట్లో ఈ పని కూడదు.

200 బ్లాకుల (సుమారు 50 కేబీ) ప్రోగ్రాం ఎక్కడానికి సుమారు 2 నిమిషాలు పడుతుంది. అంత నిదానం భరించలేకపోతే లోడింగ్ వేగం పెంచే ఫాస్ట్‌లోడ్ కార్ట్రిడ్జ్ పెట్టుకోండి. సీరియల్ తీగ మాత్రం రెండు పెట్టెలూ ఆపాకే పీకండి. ఆన్‌లో పీకితే డ్రైవులో 7406 చిప్పు, కంప్యూటర్‌లో 6526 చిప్పు కాలే ప్రమాదం ఉంది. 6526 ఇప్పుడు అంత తేలిగ్గా దొరికే సరుకు కాదు.