మా ట్యూషన్ పిల్లలకి ప్రామాణిక రూపం నేర్పిన కాసియో 991ఎంఎస్ క్యాలిక్యులేటర్

నేను ఇంట్లో ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెప్తాను. ఘాతాంకాల చాప్టర్లో ప్రామాణిక రూపం (ఏ సంఖ్యనైనా 1కి 10కి మధ్య సంఖ్య ఇంటూ 10 పవర్ ఇంత అని రాయడం) వచ్చిందంటే చాలు, పాయింట్ ఎటు జరపాలి, పవర్ ప్లస్సా మైనస్సా అని పిల్లలు అక్కడే ఆగిపోతారు. మా పెద్దబ్బాయి బీటెక్‌లో వాడిన పాత కాసియో ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్ ఉంటే ఈసారి అదే తీసి చేతికిచ్చా.

మొదట 1ని 200తో భాగించమన్నా. స్క్రీన్ మీద పెద్దగా 5, పక్కన చిన్నగా ×10, దాని మీద -03 వచ్చింది. ఒకమ్మాయి నోట్సులో ఉత్త 5 వేసింది, పక్కబ్బాయి 5 పవర్ మైనస్ 3 అని రాశాడు. అదెంతో చెయ్యరా అంటే 1 బై 125, అంటే 0.008 వచ్చింది, అసలు ఆన్సరేమో 0.005. డిస్‌ప్లే సెట్టింగ్ నార్మ్ 1లో ఉంటే 0.01 కన్నా చిన్న సంఖ్యని ఇలాగే చూపిస్తుంది, నార్మ్ 2కి మార్చగానే అదే 0.005 అని మామూలుగా వచ్చింది, నేను అటూ ఇటూ నాలుగైదు సార్లు మార్చి చూపిస్తే రెండూ ఒకే సంఖ్య అని అప్పుడు ఎక్కింది వాళ్ళకి. ఇరవై లెక్కలు చేయించినా రానిది ఈ ఒక్కదాంతో వచ్చింది, నాకు చాలా సంతోషమేసింది.

తర్వాత సూర్యుడి దూరం, 14.96 కోట్ల కిలోమీటర్లు. కోటికి ఏడు సున్నాలని అందరికీ తెలుసు కదా, పాయింట్ ఒక స్థానం ఎడమకి జరిపితే 1.496 × 10 పవర్ 8, మీటర్లలో అయితే పవర్ 11. దాన్ని కాంతి వేగం 3 × 10 పవర్ 8తో భాగిస్తే 498.67 సెకన్లు, ఎనిమిది నిమిషాల పైనే. "మేడం, ఈ ఎండ ఎనిమిది నిమిషాల కిందట బయల్దేరిందా?" అని ఆ అమ్మాయే కిటికీ వైపు చూసింది.

ఈఎక్స్‌పీ కీ దగ్గర మాత్రం జాగ్రత్త. 3, ఈఎక్స్‌పీ, 8 నొక్కితే చాలు, ఇంటూ 10 దాంట్లోనే ఉంది. పిల్లలు అలవాటుగా 3 ఇంటూ 10 కొట్టి మళ్ళీ ఈఎక్స్‌పీ 8 కొడతారు, పది రెట్లు ఎక్కువొస్తుంది. కొత్త మోడల్స్‌లో ఆ కీ మీదే ×10 పవర్ ఎక్స్ అని ఉంటుంది కాబట్టి కొనేవాళ్ళు అదే కొనండి. 10 పవర్‌ని 3, 6, 9 ఇలా మూడు గుణిజాల్లోనే చూపించే ఈఎన్‌జీ కీ ఇప్పుడే చూపించొద్దు, 0.00045ని 450 × 10 పవర్ మైనస్ 6 అంటుంది, మనమేమో ముందు సంఖ్య 1కి 10కి మధ్యలో ఉండాలని చెప్తాం.

టెన్త్ పరీక్షలో, జేఈఈ మెయిన్‌లో క్యాలిక్యులేటర్ రానివ్వరు, అందుకే మా దగ్గర ముందు నోట్సులో చేశాకే చెక్ చేసుకోడానికి ఇస్తున్నా.