థంబ్‌ప్రింట్ కుకీలు: జామ్ ముందు పెట్టాలా, తర్వాతా?

పిండి ఉండని బొటనవేలితో నొక్కి, ఆ గుంటలో జామ్ పెట్టే బిస్కెట్లే థంబ్‌ప్రింట్ కుకీలు. 100 గ్రాముల వెన్న, 50 గ్రాముల పంచదార పొడి, 150 గ్రాముల మైదా. పిండి రెండు పద్ధతులకీ ఇదే, తేడా అంతా జామ్ ఎప్పుడు పెడతామన్న దాంట్లోనే.

ఓవెన్‌లోకి వెళ్లేముందే పెడితే జామ్‌లో తడి ఇగిరి గుంటలో గట్టిగా అతుక్కుంటుంది. చల్లారాక వేలితో తాకినా పెద్దగా అంటదు. డబ్బాలో పేర్చి ఊరికి పంపాలన్నా టెన్షన్ ఉండదు. కాకపోతే గుంట నిండా పెట్టకూడదు. 175 డిగ్రీల వేడికి జామ్ కుతకుతలాడి, అంచు దాటి ట్రే మీద మాడుతుంది. అర చెంచా చాలు.

తర్వాత పెడితే రంగు, పండు రుచి తాజాగా ఉంటాయి. స్ట్రాబెర్రీ జామ్‌కి నిజంగా ఇదే అందం. అయితే ఖాళీ గుంట కాలేటప్పుడు ఉబ్బి పూడిపోతుంది. బయటికి తీయగానే, వేడి మీదే చెంచా వెనకవైపుతో మళ్లీ నొక్కాలి. జామ్‌ని కాస్త వెచ్చచేసి వేస్తే నున్నగా సర్దుకుంటుంది. వీటిని పేర్చలేం, మర్నాటికి మెత్తబడతాయి కూడా.

పిల్లల డబ్బాకైతే నా ఓటు మొదటి పద్ధతికే. సాయంత్రం చుట్టాలొస్తున్నారంటే మాత్రం రెండోదే. కుకీలు పొద్దున్నే కాల్చి, వాళ్లు వచ్చేముందు జామ్ వేస్తే సరి.