రెండోసారి బరువు తగ్గించే సర్జరీకి ముందు జరిగే తయారీ: ఈ సర్వీసులో ఏది గట్టిది, ఏది బోలు

స్లీవ్ (కడుపులో పెద్ద భాగం కత్తిరించి గొట్టంలా మిగల్చడం), బైపాస్ (కడుపును చిన్న సంచిగా చేసి పేగుకు కలపడం), బ్యాండ్ (కడుపు పై భాగం చుట్టూ పట్టీ బిగించడం), ఈ మూడింటిలో ఏదో ఒకటి అయ్యాక బరువు అనుకున్నంత తగ్గకపోవచ్చు, తగ్గి మళ్ళీ పెరగవచ్చు, గుండెల్లో మంట తట్టుకోలేనంత కావచ్చు. అలా రివిజన్ సర్జరీ, అంటే రెండో ఆపరేషన్ దాకా వచ్చినవాళ్ళకు బేరియాట్రిక్ (బరువు తగ్గించే సర్జరీ) సెంటర్లు ఒక ప్రిపరేషన్ ప్రోగ్రామ్ ఇస్తాయి. సర్జన్ కన్సల్టేషన్, ఎండోస్కోపీ, కాంట్రాస్ట్ ఎక్స్‌రే (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం మింగించి తీసేది), రక్తపరీక్షలు, డైటీషియన్, సైకాలజిస్ట్, మత్తు డాక్టరు చెకప్, చివర్లో లిక్విడ్ డైట్. ఎక్కడైనా మెనూ దాదాపు ఇదే. ఇక్కడ సమీక్షిస్తున్నది ఆపరేషన్‌ను కాదు, దానికి ముందు జరిగే ఈ తయారీని.

మా అంచనా ముందే చెప్పేస్తాం. మొదటి ఆపరేషన్ ఎందుకు పని చేయలేదో తేల్చగలిగితే ఇది ఎంత సమయం పట్టినా తీసుకోదగ్గ సర్వీసు. అది తేల్చకుండా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల దగ్గరే ఆగిపోతే ఎన్ని పరీక్షలు చేసినా అరకొర పనే.

మొదటి రోజే ఒక సంగతి గమనించండి: పాత ఆపరేషన్ నోట్ అడిగారా, లేదా? డిశ్చార్జ్ సమ్మరీ చాలదు. అందులో ‘ల్యాపరోస్కోపిక్ స్లీవ్ జరిగింది, రోగి కోలుకున్నారు’ అని రెండు వాక్యాలుంటాయి. ఆపరేషన్ నోట్‌లో అసలు కొలతలుంటాయి. స్లీవ్ అయితే ఎంత లావు బూజీ (కొలత కోసం కడుపులో పెట్టే గొట్టం) మీద కత్తిరించారు (36 ఫ్రెంచ్ అంటే 12 మి.మీ.), స్టేప్లింగ్ పైలోరస్‌కు (కడుపు చివరి ద్వారం) ఎన్ని సెంటీమీటర్ల దూరంలో మొదలైంది, హయాటల్ హెర్నియా (కడుపు పై భాగం ఛాతీలోకి జారడం) కనిపించిందా, కుట్టారా. బైపాస్ అయితే పౌచ్ (చిన్న కడుపు సంచి) సైజు, ఆహారం వెళ్ళే పేగు పొడవు, పైత్యరసం వచ్చే పేగు పొడవు, మెసెంటరీ (పేగుల్ని పట్టి ఉంచే పొర) ఖాళీలు మూశారా. బ్యాండ్ అయితే ఏ మోడల్, లోపల ఎన్ని మి.లీ. ద్రవం పడుతుంది. పేగు పొడవులు తెలియకపోతే సర్జన్ ఆపరేషన్ టేబుల్ మీద మొదటి నుంచి కొలుచుకుంటూ రావాలి. పాత ఆపరేషన్ వల్ల లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోయిన పొట్టలో అది గంటల పని. నోట్ ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగంలో దొరుకుతుంది, రాతపూర్వకంగా అడగాలి. పాత ఎండోస్కోపీ ఫొటోలు, తీసేసిన కడుపు ముక్క బయాప్సీ రిపోర్టు కూడా అక్కడే అడిగేయండి.

తర్వాత బరువు లెక్క. ఇప్పటి బీఎంఐ ఒక్కటే చూసి ‘ఫెయిల్’ అని రాసేసే చోట జాగ్రత్తపడాలి. ఎత్తు 160 సెం.మీ., ఆపరేషన్ నాటి బరువు 120 కిలోలు అనుకోండి. బీఎంఐ 25కి లెక్కేస్తే ఉండాల్సిన బరువు 64 కిలోలు, అంటే అదనపు బరువు 56 కిలోలు. ఒకరు ఏడాదిన్నరలో 82 కిలోలకు దిగి, అంటే అదనపు బరువులో 68 శాతం పోగొట్టుకుని, మూడేళ్ళలో మళ్ళీ 101కి చేరారు. ఇంకొకరు ఎప్పుడూ 105 దాటి కిందికి దిగనే లేదు, తగ్గింది 27 శాతమే. ఇప్పుడు ఇద్దరూ వంద పైచిలుకే ఉన్నారు, కానీ ఇవి రెండు వేర్వేరు జబ్బుల్లాంటివి. మొదటివారిలో ఆపరేషన్ పని చేసి తర్వాత ఏదో మారింది: కడుపు సాగిందా, ఫిస్టులా (ఉండకూడని చోట ఏర్పడిన దారి) వచ్చిందా, కొత్త మందు మొదలైందా, తిండి తీరు మారిందా అని వెతకాలి. రెండోవారిలో మొదటి నుంచీ ఏదో తేడా ఉంది: స్లీవ్ వదులుగా కత్తిరించారా, హార్మోన్ సమస్య దాగి ఉందా, ఆ శరీరానికి ఆ ఆపరేషన్ చాలలేదా. నెలవారీ బరువుల్ని గ్రాఫ్‌లా గీయించే డైటీషియన్ ఉంటే ఆ సెంటర్‌కు ఒక మార్కు ఎక్కువే వేస్తాం.

ఎండోస్కోపీ రిపోర్టు చూస్తే ప్రోగ్రామ్ నాణ్యత తెలిసిపోతుంది. ‘స్లీవ్ అనంతర మార్పులు, మిగతా నార్మల్’ అన్న రిపోర్టు రివిజన్‌కు పనికిరాదు. పనికొచ్చే రిపోర్టు ఇలా ఉంటుంది: పై పళ్ళ నుంచి 36 సెం.మీ. దగ్గర జెడ్ లైన్ (అన్నవాహిక ముగిసి కడుపు మొదలయ్యే గీత), 39 సెం.మీ. దగ్గర డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరం) నొక్కు, ఎసోఫాగైటిస్ (ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరుసుకుపోవడం) లాస్ ఏంజెలిస్ గ్రేడ్ సి (తీవ్రత కొలమానంలో ఎ నుంచి డి దాకా మూడోది), ఫండస్ (కడుపు పై ఉబ్బు) పైన సంచిలా మిగిలి ఉంది, ఇన్సిసురా (కడుపు వంపు తిరిగే చోటు) దగ్గర మెలిక, స్కోపు తిప్పితేనే ముందుకు వెళ్ళింది, హెచ్ పైలోరీ (కడుపులో పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) కోసం బయాప్సీ తీశాం. ఈ నాలుగు వరుసల్లో ఎంత ఉందో చూడండి. 36కీ 39కీ మధ్య తేడా మూడు సెంటీమీటర్లు, అంటే అంత కడుపు ఛాతీలోకి జారింది. మెలిక వల్ల పైన ఒత్తిడి పెరిగి ఆమ్లం అన్నవాహికలోకి తన్నుకొస్తోంది. ఇలాంటి కడుపుకు ‘మళ్ళీ స్లీవ్ బిగిద్దాం’ అంటే మంట ఇంకా పెరుగుతుంది. ఇక్కడ హెర్నియా సరిచేసి రూ-ఎన్-వై బైపాస్‌కు (పేగును వై ఆకారంలో కలిపే బైపాస్) మార్చడమే దారి. బ్యారెట్స్ మార్పులు (ఆమ్లం వల్ల అన్నవాహిక లోపొర మారిపోవడం) కనిపించినా దారి అదే.

బైపాస్ అయినవారి రిపోర్టులో పౌచ్ పొడవు, పేగుతో కలిపిన అతుకు వెడల్పు మి.మీ.లలో ఉండాలి. కళ్ళతో చూసి ‘వెడల్పుగా ఉంది’ అని రాయడం కాదు, కొలత తెలిసిన పరికరాన్ని పక్కన పెట్టి కొలవాలి. అతుకు 2 సెం.మీ. దాటి సాగితే తిన్నది ఆగకుండా జారిపోతుంది, కడుపు నిండిన భావన నిలవదు. దాన్ని కొందరిలో నోటి ద్వారానే, ఎండోస్కోపీ కుట్లతో బిగించవచ్చు, పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. ఈ దారి ఉందని మాట మాత్రంగానైనా చెప్పని సెంటర్లో రెండో అభిప్రాయం తీసుకోండి. మార్జినల్ అల్సర్ (పౌచ్, పేగు కలిసే అతుకు దగ్గర పుండు) కనిపిస్తే అది మానేదాకా రివిజన్ ఆగాలి. సిగరెట్, నొప్పి మాత్రలు, బయటికి వచ్చిన కుట్టుదారం, పౌచ్‌కీ పాత కడుపుకీ మధ్య ఫిస్టులా, ఈ నాలుగూ వెతకాలి. ఆమ్లం తగ్గించే మందును బైపాస్ అయినవాళ్ళు క్యాప్స్యూల్ విప్పి వేసుకుంటే అల్సర్ త్వరగా మానుతుంది. చిన్న మాటే, ప్రిస్క్రిప్షన్ మీద మాత్రం తరచూ కనపడదు.

కాంట్రాస్ట్ ఎక్స్‌రేను చాలామంది ఎండోస్కోపీ ఉండగా ఇదెందుకని వదిలేస్తారు. మేము వదలొద్దనే అంటాం. ఎండోస్కోపీలో గాలి నింపి చూస్తారు కాబట్టి ఆకారం మారిపోతుంది. కాంట్రాస్ట్‌లో నిలబడి గుక్క మింగితే ద్రవం ఎక్కడ ఆగుతోంది, ఎటు మళ్ళుతోంది, పాత కడుపులోకి కారుతోందా అన్నది కదులుతూ కనిపిస్తుంది. మంట ఉండి ఎండోస్కోపీలో ఏమీ దొరక్కపోతే 24 గంటల పీహెచ్ పరీక్ష (అన్నవాహికలోకి ఆమ్లం ఎంత వస్తోందో చూసేది), మానోమెట్రీ (అన్నవాహిక కండరాల పని కొలిచేది) కావాలి. ముఖ్యంగా ఏళ్ళ తరబడి బ్యాండ్ బిగుతుగా ఉన్నవాళ్ళలో అన్నవాహిక కండరం సాగిపోయి ఉండొచ్చు. అది తెలియకుండా చేసిన కొత్త ఆపరేషన్ తర్వాత మింగడమే కష్టమవుతుంది.

బ్యాండ్ గురించి ఇంకో మాట. పోర్టు (బ్యాండ్‌లోకి ద్రవం ఎక్కించడానికి చర్మం కింద ఉండే బిళ్ళ) దగ్గర చర్మం ఎర్రబడి, చీము కారి, యాంటీబయాటిక్ వాడితే తగ్గి మళ్ళీ వస్తుంటే అది చర్మం జబ్బని వదిలేయొద్దు. బ్యాండ్ కడుపు గోడను కొరుక్కుని లోపలికి వెళ్ళిందనడానికి అది గుర్తు కావచ్చు, ఎండోస్కోపీ చేయాల్సిందే. బ్యాండ్ చుట్టూ ఏర్పడే మచ్చ కణజాలం తోలులా మందంగా ఉంటుంది. స్టేపుల్ మామూలు కడుపు గోడలో ‘బి’ అక్షరంలా మడుచుకుని పట్టు బిగిస్తుంది. ఆ మందంలో సరిగా మడవదు, అక్కడే లీకు. అందుకే రివిజన్‌లో లీకు ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువ. బ్యాండ్ కొరికిన కేసుల్లో ముందు తీసేసి, సుమారు మూడు నెలలు ఆగి రెండో దశకు వెళ్ళడం మంచిది. అన్నీ ఒకే రోజు చేసేస్తామన్న హామీ వింటే, మచ్చను పూర్తిగా ఒలిచేస్తారా, స్టేప్లింగ్ మచ్చకు దూరంగా పడుతుందా అని అడగండి.

రక్తపరీక్షల్లో ఈ ప్రోగ్రాములు ఎక్కువగా తప్పేది ఇక్కడే. హిమోగ్లోబిన్, షుగర్, క్రియాటినిన్ చూసి ఫిట్ అంటారు. మొదటి ఆపరేషన్ జరిగిన మనిషికి అది చాలదు. ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ రెండూ చూడాలి, ఒంట్లో వాపు ఉంటే ఫెరిటిన్ ఒక్కటే నార్మల్‌గా చూపించి మోసం చేస్తుంది. బి12, ఫోలేట్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, కాల్షియం, ఆల్బుమిన్, బైపాస్ అయినవాళ్ళకు జింక్, కాపర్, విటమిన్ ఎ. ఐరన్ నిల్వలు అడుగంటి ఉంటే బైపాస్ తర్వాత మాత్రలు సరిగా ఇంకవు, సెలైన్ ద్వారా ఎక్కించి నిల్వ పెంచుకుని వెళ్ళాలి. జింక్ ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే కాపర్ పడిపోతుంది, కాబట్టి ఒకదానితో ఒకటి జోడించి చూడాలి. లావుగా ఉన్నారు కదా, పోషకాహార లోపం ఎక్కడిదన్న ఆలోచన ఈ రంగంలో ఇంకా పోలేదు. అది మనుషులకు హాని చేస్తోంది.

అన్నిటికంటే అత్యవసరమైనది థయమిన్, అంటే విటమిన్ బి1. బ్యాండ్ బిగుసుకునో, స్లీవ్ ఇరుకయ్యో వారాల తరబడి వాంతులవుతున్న మనిషికి బి1 నిల్వలు ఖాళీ అవుతాయి. అలాంటివారికి గ్లూకోజ్ సెలైన్ పెట్టే ముందు థయమిన్ ఇంజెక్షన్ పడాలి. వరస తప్పితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది: నడక తూలడం, రెండుగా కనపడటం, తికమక. రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సిన పని కాదిది.

మందుల జాబితాను వరసగా చదివే డాక్టరు ఉన్న చోటు మంచి చోటు. స్టెరాయిడ్లు, ఓలాంజపిన్, మిర్టజపిన్, వాల్‌ప్రోయేట్, ప్రెగబాలిన్, ఇన్సులిన్, సల్ఫోనైల్‌యూరియా మాత్రలు, ఇవన్నీ బరువు పెంచగలవు. మార్చగలిగేవి ఉంటే, రాసిన డాక్టరుతో మాట్లాడి మార్చాక కొన్ని నెలలు బరువు చూడటం న్యాయం. మీ అంతట మీరే ఆపకూడదు. థైరాయిడ్ పరీక్ష అందరికీ, లక్షణాలుంటే కార్టిసాల్ కూడా. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాక, శరీర నిర్మాణంలో లోపం లేకుండా బరువు మాత్రమే పెరిగినవాళ్ళకు రెండో సర్జరీ కంటే ముందు వాటి మాట తప్పక రావాలి.

డైటీషియన్ సెషన్లలో క్యాలరీల చార్టు చేతిలో పెట్టి పంపేవి దండగ. ఏం తింటే ఆగుతోంది, ఏం తింటే జారిపోతోంది అని అడిగేవి పనికొస్తాయి. ఇరుకైన కడుపున్నవాళ్ళు మాంసం, కూరగాయలు దిగక, ఐస్‌క్రీమ్, బిస్కెట్లు, తీపి పానీయాల వైపు మళ్ళుతారు. అది సంకల్పబలం లోపం కాదు, ఇరుకు చేసిన పని. సైకాలజిస్ట్ దగ్గర అదుపులేని తిండి, రాత్రి తిండితో పాటు మద్యం గురించి కూడా దాచకుండా చెప్పాలి. బైపాస్ తర్వాత మద్యం వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదం పెరుగుతుంది.

సిగరెట్ కనీసం ఆరు వారాల ముందు మానాలి. కొన్ని సెంటర్లు కోటినిన్ (ఒంట్లో నికోటిన్ ఆనవాలు) పరీక్ష చేస్తాయి, అది అనుమానం కాదు, రక్షణ. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ప్రమాదం వల్ల సుమారు నెల ముందు ఆపి వేరే పద్ధతికి మారాలి. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతుండటం) ఉన్నవాళ్ళు తాము వాడే సీప్యాప్ (మాస్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే) మెషీన్ ఆసుపత్రికి తెచ్చుకోవాలి.

చివరి రెండు వారాల లిక్విడ్ డైట్ సాధారణంగా రోజుకు 800 నుంచి 1000 క్యాలరీలు, 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్. లివర్‌లోని కొవ్వు, గ్లైకోజన్ తగ్గి ఎడమ భాగం కుంచించుకుపోతుంది. కడుపు పై భాగం ఆ లివర్ కిందే ఉంటుంది, అది ఎత్తితేనే సర్జన్‌కు చోటు. ఆల్బుమిన్ తక్కువ ఉన్నవాళ్ళకు ఇదే డైట్ అచ్చుగుద్దినట్టు ఇస్తే తప్పు, వాళ్ళకు ముందు పోషణ పెంచాలి. డయాబెటిస్ ఉన్నవాళ్ళకు డైట్ మొదలైన రోజు నుంచే ఇన్సులిన్, సల్ఫోనైల్‌యూరియా మోతాదు తగ్గించకపోతే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి, లిక్విడ్ డైట్‌తో కలిస్తే షుగర్ మామూలుగా ఉన్నా కీటోఅసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) రావచ్చు. వారానికోసారి వేసుకునే జీఎల్‌పీ-1 (సెమాగ్లుటైడ్ రకం) ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి కాబట్టి చివరి డోసు తేదీ మత్తు డాక్టరుకు చెప్పాలి. తేదీలతో సహా ఒక కాగితం మీద రాసిచ్చే సెంటర్‌ను నమ్మవచ్చు. నోటిమాటగా చెప్పి పంపే చోట ఆ కాగితం అడిగి తీసుకోండి.

ఆఖరి కన్సల్టేషన్‌లో సర్జన్ ఏ ఆపరేషన్ చేస్తారో చెప్పడంతో సరిపోదు. స్లీవ్‌ను బైపాస్‌కు మారిస్తే మంట బాగా తగ్గుతుంది, అదనంగా తగ్గే బరువు మాత్రం పరిమితమే. స్లీవ్‌తో పాటు పేగులో ఎక్కువ భాగాన్ని దాటవేసే డుయోడినల్ స్విచ్, ఎస్ఏడీఐ ఆపరేషన్లు బరువు ఎక్కువ తగ్గిస్తాయి, బదులుగా పలచటి విరేచనాలు, జీవితాంతం ఎ, డి, ఇ, కె విటమిన్ల మీద నిఘా ఉంటాయి. బైపాస్‌లో ఆహారం, పైత్యరసం కలిసి వెళ్ళే పేగును మరీ పొట్టి చేస్తే ప్రోటీన్ లోపంతో కాళ్ళు ఉబ్బి మళ్ళీ ఆపరేషన్ టేబుల్ ఎక్కాల్సి రావచ్చు. ఇక, లోపలి భాగాలు ఊహించినదానికంటే ఎక్కువగా అతుక్కుపోయి ఉంటే ఏం చేస్తారు, ఎక్కడ ఆపేస్తారు, ఏ పరిస్థితిలో రెండు దశలకు మారుస్తారు అన్న జవాబు కన్సెంట్ ఫారం మీద, సంతకానికి పైన, చేత్తో రాసి ఉండాలి.