ట్రంపెట్ సాధన: ఏడేళ్లలో మూడు పద్ధతులు పట్టి చూశాక

కడపలో పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాను. మొదట నేర్చుకున్నది బ్యాండు పద్ధతే. పెద్దాయన వాయిస్తాడు, మనం విని పట్టుకోవాలి. చెవికి ఇంతకు మించిన చదువు లేదు. గమకం ఎక్కడ ఊగాలో ఏ కాగితమూ చూపించదు. కానీ పై స్వరం పలకకపోతే "ఇంకా అదిమి పట్టు నాయనా, వస్తాది" అనేవాడు. అదిమాను, వచ్చింది. రెండో ఏడు మాఘమాసంలో వరసగా నాలుగు ఊరేగింపులు వాయించేసరికి పై పెదవి మీద మౌత్‌పీస్ అచ్చు గుండ్రంగా దిగిపోయింది. చారు తగిలినా భగ్గున మండేది. పది రోజులు ట్రంపెట్ ముట్టలేదు.

తర్వాత ఫ్రాన్సు కార్నెట్ విద్వాంసుడు ఆర్బన్ రాసిన సాధన పుస్తకం పట్టాను. 1864లో వచ్చింది, ట్రంపెట్ లాంటిదే అయిన కార్నెట్ అనే వాయిద్యం కోసం రాసింది, ట్రంపెట్‌కూ అదే వాడతారు. స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య లిపి, చదవడానికే నాకు ఆర్నెల్లు పట్టింది. "తు-కు, తు-కు" అని నాలుక ఆడించే పాఠాలు మాత్రం బంగారం. వేగంగా వచ్చే పాటల్లో తేడా నాకే తెలిసింది. మౌత్‌పీస్ మూడింట రెండు వంతులు కింది పెదవి మీద ఉండాలంటాడు. అది నాకు అస్సలు కుదరలేదు. చెప్పేవాళ్లు లేకుండా అంత లావు పుస్తకంలో దారి తప్పడం ఖాయం.

నా పెదవిని కాపాడింది కార్నెట్ విద్వాంసుడు హెర్బర్ట్ క్లార్క్ 1912లో అచ్చు వేసిన సాధనలు. చిన్న పుస్తకం. కింది స్వరాల దగ్గర మొదలుపెట్టి, అర స్వరం చొప్పున పైకి జరుగుతూ, ఒకే ఊపిరిలో, చాలా మెల్లగా, అంటే చప్పుడు బాగా తగ్గించి, వాయించాలి. కిటుకంతా ఆ మెల్లగా వాయించడంలోనే ఉంది. అదిమితే పెదవికి రక్తం ఆడదు, అది కంపించదు. గట్టిగా ఊదేటప్పుడు గాలి జోరులో ఆ తప్పు దాగిపోతుంది. మెల్లగా ఊదితే స్వరం అక్కడికక్కడే తెగిపోతుంది. దేవుని కడప చెరువు గట్టు మీద తెల్లవారుజామున కూర్చుంటే, మొదటి రెండు వారాలు ఉత్త గాలి చప్పుడే వచ్చింది. ఒకరోజు సన్నగా, దారం లాగా స్వరం సాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

దీంతో ఒక్క లోటుంది. డ్రమ్ముల మధ్య వీధిలో వినపడేంత జోరు ఈ సాధన ఒక్కటే ఇవ్వదు, దానికి మళ్లీ బ్యాండులో నిలబడాల్సిందే. ఇప్పుడు పొద్దున 20 నిమిషాలు క్లార్క్, వారానికి రెండుసార్లు ఆర్బన్ నాలుక పాఠాలు, పాటలు మాత్రం పెద్దాయన దగ్గరే.

కొత్తవాళ్లు క్లార్క్ మొదటి పాఠంతో మొదలుపెట్టండి. పెదవి వణికితే ఆ పూటకు ఆపేయండి.